మాట చివర

మా మరిదిని ఊళ్లో అందరూ చెవులాయన అనేవారు. అతని చెవులు పెద్దవేం కావు. మనిషి మొత్తానికి చూడదగ్గవి అవొక్కటే అని అతని పెళ్లాం, అంటే మా చెల్లెలు, అనేది. రేడియోలో ఎవరు ఏ మాట దగ్గర తడబడ్డారో, వార్తల మధ్యలో ఎవరు దొంగ ఊపిరి పీల్చారో, నాటకంలో వాన చప్పుడు కోసం ఎవరు పళ్లెంలో గింజలు పోశారో అతనికి ఇట్టే తెలిసిపోయేది. తెలిసినదాన్ని కడుపులో దాచుకునే గుణం మాత్రం లేదు. వారం వారం పేపర్లో రాసి పడేసేవాడు.

అతను పోయాక ఆ పేపరువాళ్లే నాలుగు మంచి మాటలు వేశారు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు కదా. అందులో సగం అబద్ధం, తక్కిన సగం అరకొర. నా చదువు రెండో తరగతిలో ఆగిపోయింది, నోరు మాత్రం ఎక్కడా ఆగలేదు. కనక జరిగింది నేనే రాస్తున్నాను.

అతని తండ్రి బట్టలు కుట్టేవాడు. కుట్టు మిషను రొదలో పుట్టి పెరిగినవాడికి చెవి అంత పదునెలా తేలిందో తెలియదు. మీసాలు రాకముందే రేడియోలు బాగుచేసే షాపులో పనికి కుదిరాడు. బాగైన సెట్లు సరిగా పలుకుతున్నాయో లేదో విని చెప్పడం అతని పని.

"సెట్టు ఎలా ఉందిరా?" అని షాపాయన అడిగితే, "సెట్టు బాగుందండీ, చదివేవాడే బాలేదు" అనేవాడట.

"వాణ్ణి బాగుచేసే స్క్రూడ్రైవర్ మన దగ్గర లేదు. మూత బిగించెయ్."

మూత బిగించాడు గాని ఊరుకోలేదు. రేడియో స్టేషనుకు కార్డులు రాశాడు. వాళ్లు పలకలేదు. అవే కార్డులు పేపరుకు పంపాడు. ఎడిటరు చదివి, పగలబడి నవ్వి, వారానికింత జాగా ఇచ్చాడు. దానికి 'గోడచెవి' అని పేరు పెట్టారు. అలా మొదలైంది.

అతను రేడియో వినే తీరు వేరు. పెట్టెకి వీపు పెట్టి, గోడకేసి తిరిగి కూర్చునేవాడు. కంటికి పని కల్పిస్తే చెవి బద్ధకిస్తుందట. పెట్టె ముందు వెలిగే చిన్న దీపం మీద కూడా గుడ్డ కప్పేవాడు. ఆ వేళ ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. మా చెల్లెలు కాపురానికి వెళ్లిన కొత్తలోనే వంటింటి గచ్చు మీద పాత దుప్పటి పరిచి, గిన్నెలన్నీ దాని మీద దించడం నేర్చుకుంది. నేను దాన్ని చూడ్డానికి వెళ్లిన రోజు నా చేతిలోంచి గరిటె జారింది. అతను గోడవైపు నుంచి తల తిప్పకుండానే అన్నాడు.

"వదినా, ఆ గరిటెకి కాడ వదులైంది."

చూస్తే నిజమే. నాకు ఒళ్లు మండింది. "గరిటె కాడ వినబడింది సరే. బియ్యం డబ్బా ఖాళీగా మోగుతోంది, అది వినబడలేదా నాయనా?"

మా చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోయింది.

దానికి మంచి గొంతు ఉండేది. పాటగొంతు కాదు, మాటగొంతు. రేడియో నాటకాల్లో ఆడవేషాలకు మనుషులు కావాలని తెలిసి, మొగుడికి చెప్పకుండా వెళ్లి నిలబడింది. తీసుకున్నారు. పడవ నడిపే ఆడమనిషి వేషం. నాటకాన్ని ముందుగానే టేపు మీదికి ఎక్కించి, ఆదివారం సాయంత్రం వేశారు. దానికి భయమేసి, ఆ వేళకి పక్కింట్లో దాక్కుంది. నేనూ అతనూ విన్నాం. మొదటి మాటకే అతని వీపు బిగుసుకుంది. అయ్యేదాకా కదల్లేదు.

ఆ వారం పేపర్లో ఇలా రాశాడు: "పడవ నడిపే స్త్రీగా నటించినావిడ గొంతులో తడి ఉంది. కానీ మాట చివర మింగేస్తుంది. అవతలి ఒడ్డు చేరకుండానే మాట మునిగిపోతోంది."

ఆవిడ ఎవరో వీధి వీధంతా తెలుసు. నేను ఆ పేపరు పట్టుకుని పోట్లాటకు వెళ్లాను.

"మా ఇంట్లో మాటలు మింగేవాళ్లు ఎవరూ లేరు. ఆ అలవాటే ఉంటే నిన్ను ఇన్నిన్ని అనేదాన్నా?"

"నీ సంగతి వేరు వదినా. నువ్వు మింగవు సరే, నమలవు కూడా."

"పోనీలే అక్కా," అంది చెల్లెలు. "ఇంట్లో తిండి చాలక మాటలు మింగుతున్నాను."

దానికి అతనే అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఇద్దరూ నవ్వుకుంటే మధ్యలో నాకేం పని అని వచ్చేశాను. కాని మర్నాడు పెరట్లో బట్టలు ఉతుకుతూ అది తనలో తాను సబ్బు, తాడు, బకెట్టు అని ప్రతి మాట చివర నొక్కి పలుకుతుంటే చూశాను. నవ్వింది గాని, ముల్లు గుచ్చుకునే ఉంది.

ఆ తరవాత కొన్నాళ్లకు స్టేషను పెద్ద అతన్ని పిలిచి ఉద్యోగం ఇచ్చాడు. బయట మొరిగేదాన్ని లోపల కట్టేసుకుంటే ఇంటికి కాపలా అనుకున్నాడేమో. స్టేషనులో వారమంతా వచ్చినవాటిలో తప్పొప్పులు ఆ స్టేషను నుంచే చెప్పాలి, అదీ పని. ఎండిన సొరకాయ బుర్రలో గులకరాయి వేసి ఆడించినట్టుండేది అతని గొంతు. ఆగకుండా మాట్లాడేవాడు. మధ్యలో ఖాళీ వదిలితే వినేవాడు లేచిపోతాడని అతని సిద్ధాంతం. జనం తిట్టుకుంటూనే పనులు మానుకుని వినేవారు.

దాంతోపాటు, ఇంకా తొలి ప్రసారం కాకముందే, ఇంకో పని అప్పజెప్పారు. అప్పట్లో టేపులకు కరువు. పాతవి చెరిపి వాటి మీదే కొత్తవి ఎక్కించేవారు. ఏది ఉంచాలో ఏది చెరపాలో అతను విని తేల్చాలి. ఉంచవలసిన టేపు డబ్బా మీద సుద్దముక్కతో సున్నా చుట్టాలి, చెరపవలసినదాని మీద అడ్డగీత గియ్యాలి. ఇంటికొచ్చేసరికి వేళ్ల నిండా సుద్దే. ఒకప్పుడు చద్దివి మళ్లీ మళ్లీ వడ్డిస్తున్నారని స్టేషను మీద పేపర్లో విరుచుకుపడ్డవాడు కదా, ఇప్పుడు కత్తి చేతికే ఇచ్చారు. మొహమాటం లేకుండా గీశాడు.

చేరిన వారంలోనే ఒకరోజు అన్నాల దగ్గర కూర్చుని పెళ్లాంతో అన్నాడు. "నీ పడవ ముంచేశాను ఇవాళ."

నేను అక్కడే ఉన్నాను. చెల్లెలి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "ఉంచితే ఏం పోయేది?"

"నా పెళ్లామని ఉంచానంటారు."

"అంటే అననీ."

"బాగుండి ఉంటే అననిచ్చేవాణ్ణే. చివర మింగావు."

"సరే. ఈసారి నాటకానికి నువ్వే సున్నా చుడతావు చూడు," అని మళ్లీ వడ్డించింది.

ఆ ఈసారి రాలేదు. కడుపుతో ఉంది, బిడ్డ పుట్టింది, ఆపైన రొమ్ములో గడ్డ. పిల్లకు మాటలు వచ్చేలోపే తల్లి మాట ఆగిపోయింది. చెల్లెలి గొంతు టేపుకెక్కింది ఆ ఒక్క నాటకంలోనే.

నాకు అప్పటికి మొగుడూ లేడు, పిల్లలూ లేరు. ఒక ట్రంకుపెట్టెతో వచ్చి ఆ ఇంట్లో దిగబడ్డాను. పిల్లను నేనే పెంచాను. కాస్త జ్ఞానం వచ్చాక అది నన్ను పట్టుకుంది.

"అమ్మ ఎలా మాట్లాడేది పెద్దమ్మా?"

నాకు చేతనైనట్టు చేసి చూపించాను. "అది నువ్వే," అని పెదవి విరిచింది. నేరుగా తండ్రి దగ్గరికి పోయింది. అతను అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు.

"నాన్నా, నువ్వు అందరి గొంతులూ డబ్బాల్లో దాస్తావటగా. అమ్మది ఏ డబ్బాలో ఉంది?"

ఇంకొకడైతే ఏదో ఒక కథ చెప్పి తప్పించుకునేవాడు. ఇతను తుండుతో చేతులు తుడుచుకుని చెప్పాడు. "లేదమ్మా. చెరిపేశాను. బాగా లేదు."

పిల్ల ఏడవలేదు. తండ్రితో మాట్లాడ్డం మానేసింది. తరవాత మాట్లాడింది గాని, 'నాన్నా' అన్న పిలుపు లేకుండా చాలాకాలం గడిపింది. అతను నాతో మాత్రం ఒకసారి అన్నాడు. "తీర్పు తప్పయితే నేను ఈ ఇంట్లో అన్నం తినడానికి పనికిరాను వదినా. తప్పు కాదు. అదొక్కటే నాకున్న ధైర్యం."

"మా చెల్లెలు ఎప్పుడూ మాట మింగలేదు," అన్నాను నేను. అప్పుడే కాదు, ఎప్పుడు ఆ మాట వచ్చినా అదే అన్నాను. నా ఎరికలో అదే నిజం.

పిల్ల కాలేజీకి వచ్చేనాటికి అతని కార్యక్రమం తీరు మారింది. ఎవరి గురించి చెప్పినా ఒకటే పాట. చివర మింగుతున్నాడు, చివర మింగుతోంది. అందరికంటే ఎక్కువగా వార్తలు చదివే ఒకావిడ మీద పడ్డాడు. ఆవిడ గొంతు కంచు. "నిన్నటి వార్తల్లో ఊళ్ల పేర్లన్నింటికీ తోకలు కత్తిరించారు" అని ప్రసారంలోనే అన్నాడు. వారం వారం అదే. స్టేషను పెద్ద విసిగిపోయి ఆవిడను వార్తల్లోంచి తీసేశాడు. కొన్నాళ్లకు ఆవిడే స్టేషను మానేసింది.

అటు తరవాత ఇంట్లో రేడియో కూడా మింగడం మొదలుపెట్టిందన్నాడు. దాన్ని మోసుకుని ఇద్దరం పాత షాపుకు వెళ్లాం. షాపాయనకు అప్పటికి జుట్టంతా నెరిసింది. మూత విప్పి చూశాడు, మళ్లీ బిగించాడు, పెట్టాడు. సెట్టు గణగణ పలికింది.

"అదిగో, చివర్లు రావడం లేదు," అన్నాడు మరిది.

షాపాయన నా వైపు చూశాడు. చిన్న స్క్రూ ఒకటి తీసి అతని వెనక బల్ల మీద పడేశాడు. టింగుమంది. అతను తిరగలేదు. ఇంకొకటి పడేశాడు. అదీ వినబడలేదు. గరిటె కాడ వదులైందని గోడవైపు నుంచి చెప్పిన మనిషి.

"సెట్టు బాగానే ఉందిరా," అన్నాడు షాపాయన. బాలేనిది ఎవరన్న ఆ రెండో ముక్క అనలేదు. అనకపోయినా అతనికి తెలిసింది. తను అక్కడ పనిచేసిన రోజుల్లో వందసార్లు అన్న ముక్కే కదా.

డాక్టరు చెప్పింది నేనే విన్నాను. సన్నటి చప్పుళ్లు ముందు పోతాయట. మాటల చివర్లు అలాంటివేనట. మెల్లమెల్లగా పోతాయి కనక మనిషికి తెలియదు, అవతలివాడే సరిగా పలకడం లేదనుకుంటాడు.

"ఎప్పటి నుంచి పోతున్నాయి?" అని అడిగాడు మరిది.

"చెప్పలేమండీ. ఇరవై ఏళ్ల కిందే మొదలై ఉండొచ్చు."

ఆస్పత్రి మెట్లు దిగుతూ మధ్యలో కూర్చుండిపోయాడు. వచ్చేవాళ్లు పోయేవాళ్లు తప్పుకుని నడుస్తున్నారు.

"ఇరవై ఏళ్ల కిందంటే, వదినా, పడవ."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నేనూ అతని పక్కన మెట్టు మీద కూలబడ్డాను.

తరవాతి వారం స్టేషనుకు వెళ్లి ఆఖరిసారి మాట్లాడాడు. "ఇన్నాళ్లుగా మీ మాటల చివర్లు మింగింది మీరు కాదు, నా చెవి" అని చెప్పి లేచాడు. అంత పొట్టి ప్రసారం అతను ఎన్నడూ చెయ్యలేదు. మిగిలిన జాగా వాయిద్యంతో నింపారు.

వార్తలావిడ ఇంటికి వెళ్లాలన్నాడు. తోడు వెళ్లాను. ఆవిడ ఇంటి ముందుగదిలో రెడీమేడ్ బట్టలు అమ్ముకుంటోంది. కూర్చోమనలేదు. అతను నిలబడే చెప్పుకున్నాడు, తన చెవి సంగతి, తప్పంతా తనదే అన్న సంగతి. ఆవిడ చేతిలో చొక్కా మడతపెట్టడం పూర్తిచేసి, అతనికేసి తిరిగి వార్తలు చదివినట్టు పెదవులు కదిలించింది. కంఠంలోంచి కొంచెం కూడా చప్పుడు రాలేదు. చాలాసేపు కదిలించింది. తరవాత నాకేసి చూసి గొంతెత్తి అంది.

"అడగండమ్మా ఆయన్ని. ఇప్పుడు మింగానా, పలికానా?"

నేను అతని మోచెయ్యి పట్టుకున్నాను. "పద," అని సైగ చేశాను. ఎవరికైనా జవాబు చెప్పకుండా నేను గడప దిగింది ఆ ఒక్క ఇంట్లోనే.

ఆ తరవాత అతనికి బతుకంటే ఒకటే ప్రశ్న. పడవ నాటకం నాటికే చెవి పోయిందా, లేక పెళ్లాం నిజంగానే మింగిందా? తను చేసింది తీర్పా, పాపమా? తినేముందు అడిగేవాడు, తిన్నాక అడిగేవాడు. నేను అనుకున్నదే చెప్పేదాన్ని, మింగలేదని. దానికితోడు నాలుగు వాదనలు చేసేదాన్ని.

"గరిటె కాడ విన్నవాడికి అప్పుడు చెవుడెక్కడిది?"

"గరిటె పెద్దగా మోగుతుంది వదినా," అనేవాడు. అతనికి ఎటూ దారి లేదు. రానురాను మా పెదవులు చూసి మాట తెలుసుకునే స్థితికి వచ్చాడు.

స్టేషనులో కొత్త యంత్రాలు వచ్చి, పాత టేపులు బయట పడేస్తున్నారని పిల్లకు తెలిసింది. అప్పటికది పిల్ల కాదు, బడిలో లెక్కలు చెబుతోంది. వెళ్లి తండ్రి గొంతు ఉన్నది ఒకటి అడిగి తెచ్చుకుంది. అతని మొట్టమొదటి ప్రసారం. స్టేషను పెద్ద స్వయంగా సున్నా చుట్టి దాచిన డబ్బా. టేపు తిప్పే పాత యంత్రం షాపాయన దగ్గరే ఉంది. అక్కడ పెట్టి వింది. వింటూనే ఇంటికి పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

సొరకాయ బుర్ర గొంతు గలగలా పోతోంది. ఎక్కడా ఖాళీ లేదు. మధ్యలో ఒకచోట గ్లాసు దొర్లిన చప్పుడైంది. మొదటి రోజు బెదురు కదా, నీళ్లు ఒలికినట్టున్నాయి. అతను ఆగాడు. ఆ కాస్త ఖాళీలో, నూతి అడుగు నుంచి వచ్చినట్టు, ఒక ఆడమనిషి అంది.

"ఒడ్డు వచ్చేసింది, దిగం—"

వెంటనే ఎవరో ముసలాయన, "చెయ్యి పట్టుకో అమ్మా" అన్నాడు. అంతే. మళ్లీ సొరకాయ బుర్ర అందుకుంది.

ఇన్నేళ్లకు మా చెల్లెలు మాట్లాడింది.

షాపాయన విడమరిచి చెప్పాడు. ఆరోజుల్లో స్టేషనులో చెరిపే యంత్రం అరిగిపోయి ఉండేదట. పాతది పూర్తిగా పోకుండానే దాని మీద కొత్తది ఎక్కేది. మాట ఉన్నంతమేరా కింది గొంతు వినబడదు, మాట ఆగితే పైకి తేలుతుంది. అంటే తను అడ్డగీత గీసిన టేపే అతనికి మొదటి ప్రసారానికి ఇచ్చారు. దాని మీద కూర్చుని అతను ఆగకుండా మాట్లాడాడు.

"అమ్మేనా?" అంది పిల్ల. దాని ముఖం నేను చెప్పలేను.

"అమ్మే. మళ్లీ పెట్టమను."

మళ్లీ పెట్టారు. ఇంకోసారి పెట్టించాను. దిగం అంది. ఆ తరవాతి 'డి' లేదు. టేపు తినేసిందేమో అందామంటే పక్కన ముసలాయన 'అమ్మా' అని చివరికంటా పలికాడు. ఇంట్లో పొద్దస్తమానం వినే రోజుల్లో నా చెవికి తెలియలేదు గాని, ఇన్నేళ్ల తరవాత వింటే తెలిసింది. మా చెల్లెలు మాట చివర మింగింది.

అతన్ని తీసుకొచ్చాం. యంత్రం మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. అదురు తెలుస్తుందని. తన గొంతు అదిరింది, ఆగింది, మళ్లీ అదిరింది. ఆ ఆగిన చోట అతని వేళ్లు బిగుసుకున్నాయి. పిల్ల ఏదో చెప్పబోతే చేత్తో ఆపి నా వైపు తిరిగాడు.

"దాన్ని అడగను. అది జాలిపడుతుంది. నువ్వు చెప్పు వదినా, నీకా రోగం లేదు. మింగిందా?"

పెదవులు స్పష్టంగా కదిలించి చెప్పాను. "మింగింది."

ఇంకోసారి చెప్పమని వేలు ఊపాడు.

"నీ తీర్పు సరైనదేనయ్యా. దిగం అంది. చివరి అక్షరం లేదు."

"ఇన్నేళ్లూ మింగలేదని నా ప్రాణం తీశావు కదా."

"ఇవాళ విన్నాను, ఇవాళ చెబుతున్నాను."

"చెరిపిన టేపులో చివర్లే ముందు పోతాయి."

"పక్కనున్న ముసలాడి చివర్లు పోలేదే. వాడికేమైనా చుట్టరికమా టేపుతో?"

అతని పెదవుల మీదికి నవ్వులాంటిది వచ్చింది. నా చెయ్యి తీసుకుని మెల్లగా తట్టాడు, అబద్ధమాడిన పసిపిల్లను తట్టినట్టు.

"నువ్వు కూడా జాలిపడే వయసుకొచ్చావా వదినా?"

నాకు జీవితంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. బల్ల గుద్దాను. షాపాయనను సాక్ష్యం పిలిచాను. పిల్ల ఒట్టు వేసింది. ఎంత చెబితే అంత నమ్మకం పోయింది అతనికి. అందరూ కూడబలుక్కున్నారనుకున్నాడు. నేను మింగలేదని చెప్పి ఉంటే నమ్మేవాడు. మింగిందంటే జాలి అన్నాడు.

ఆ చలికాలం దాటలేదు. మంచం మీద గోడకేసి తిరిగి పడుకునేవాడు. వినడానికి ఏమీ లేకపోయినా నేను గిన్నెలు దుప్పటి మీదే దించేదాన్ని. చివరిదాకా, మంచి పడవను చేజేతులా ముంచానన్న నమ్మకంతోనే పోయాడు.

నేను జాలిపడే మనిషినో కాదో ఈ వీధిలో ఎవరినైనా అడగండి. పిల్ల ఆ టేపు డబ్బాను బీరువాలో దాచింది. మూత మీద స్టేషను పెద్ద చుట్టిన సున్నా ఇంకా ఉంది. దాని పక్కన, అతని తీర్పుగా, సుద్దముక్కతో అడ్డగీత నేను గీశాను. పిల్ల తుడవబోయింది. తుడవనివ్వలేదు.